తొమ్మిదో నాటి కబురు

దగ్గరికి జరగండి. చేతిలో పనుంటే పనితోనే కూర్చోండి, చిక్కుడుకాయలు ఒలిచే చేతులు కథకు అడ్డం రావు. చెవి మాత్రం ఇటు పడేయండి. ఈ వారం కథలో కేకలూ కొట్లాటలూ తక్కువ. ఒక పెద్దమనిషి నోరు మూసుకుని కూర్చున్న కథ ఇది. నోరు మూసుకున్నవాడి కథ వినాలంటే కాస్త దగ్గరగానే కూర్చోవాలి.

పోయినవారం ఎక్కడ ఆగాం? పులికాటు సరస్సులో, దొరవారిసత్రం వైపు ఒడ్డు నుంచి పడవ మీద రెండు గంటలు పోతే వచ్చే కొంగదిన్నెలో ఆగాం. ఆ ఊరి పెద్ద చెంగయ్య. అతని ఒక్కగానొక్క కొడుకు వెంకయ్య. సరస్సుకు అటుపక్క ఊరు మడపాలెం. రెండు ఊళ్లకూ నడుమ పెద్దపాయ అనే లోతునీళ్ల చోటుంది. రొయ్యకూ కట్టచేపకూ దాన్ని మించిన చోటు లేదు. ఒకరోజు కొంగదిన్నె వలలు, మర్నాడు మడపాలెం వలలు, ఇట్లా వంతులు వేసుకుని తరతరాలుగా బతికారు. ఈ ఏడు, అంటే పంతొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం, కార్తీకం చివర గాలివాన పట్టుకుని రెండు రోజులు ఎవరూ పడవ తీయలేదు. మూడోనాడు వంతు ఎవరిది? మాదంటే మాదని రెండు ఊళ్ల పడవలూ పాయలో ఎదురుపడ్డాయి. మడపాలెం పెద్ద చిన్నపోలయ్య పడవ తగిలి వెంకయ్య నీళ్లలో పడ్డాడు. వలకర్రల నడుమ చిక్కుకుని పైకి రాలేదు. మడపాలెం వాళ్లే దూకి తీశారు గాని, అప్పటికే ఊపిరి పోయింది. ఇరవైరెండేళ్ల పిల్లవాడు.

అది జరిగి తొమ్మిది రోజులైంది. ఈ తొమ్మిది రోజుల్లో చెంగయ్య ఊరి సంగతి ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటి మాటలు మాట్లాడుతున్నాడు. భార్య సామ్రాజ్యాన్ని ఒక ముద్ద తినమంటున్నాడు, తనూ తింటున్నాడు. ఊరి మాట ఎత్తితే మాత్రం తలవంచుకుని నీళ్లవైపు చూస్తున్నాడు. కొడుకు పోయిన దిగులుకు మతి పోయిందని కొందరన్నారు. మతి పోలేదు. అతను కట్టు పాటిస్తున్నాడు.

కట్టు అంటే ఆ సరస్సు మీద బతికే జాలర్ల ధర్మం. ఏ కాగితం మీదా లేదు, చెంగయ్య నాలుక మీద ఉంది. ఏటా గంగమ్మ కొలుపులో పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా నిలబడి, రెండు రోజులు, ఒక్క మాట తప్పకుండా అదంతా చెబుతాడు. ఆ కట్టులో ఒక మాట ఉంది. ఇంట్లో చావు జరిగినవాడి కళ్లలో నీళ్లుంటాయి, ఆ కళ్లకు తిన్నని గీత కూడా వంకరగా కనిపిస్తుంది. గొంతులో అడ్డం ఉంటుంది, ఆ గొంతులోంచి వచ్చే మాట ముల్లుతో సహా వస్తుంది. అందుకని వాడు తీర్పు చెప్పకూడదు. ఎదురొడ్డువాళ్లు తమ చెలమ నీళ్లు తెచ్చి, వాడి కళ్లు కడిగి, కొత్తగుడ్డతో తుడిచి, ఒక గుక్క తాగించాలి. అప్పుడు నోరు తెరవాలి. ఎదురొడ్డువాడు పగవాడైనా సరే, తుడవాల్సింది వాడే. సొంతవాళ్లు తుడిస్తే కన్నీళ్లు పోతాయి గాని కోపం పోదని ఆ కట్టు పెట్టిన పాతకాలం పెద్దల ఎరుక.

ఉప్పునీళ్ల నడుమ బతికేవాళ్లకు చెలమ నీళ్ల విలువ వేరే చెప్పాలా? ఇసుకలో చేత్తో గుంట తవ్వి, ఊరేదాకా కూర్చుని, చిప్పతో తోడుకునే నీళ్లవి. ఆ నీళ్లు పగవాడి కళ్లకు పోయడమంటే చిన్న సంగతి కాదు.

చెంగయ్య ఎదురుచూస్తున్నాడు. మడపాలెం నుంచి పడవ రాలేదు.

రాకపోగా ఇంకొకడు వచ్చాడు. రొయ్యల కాంట్రాక్టరు ఒకతను ఒడ్డున కొత్తగా దుకాణం పెట్టి, తన గుమాస్తాను ఊళ్ల మీదికి పంపుతున్నాడు. తెల్లచొక్కా, తోలుసంచి, సంచిలో కాగితం. చావు జరిగిన నాలుగోనాడే దిగాడు. మీ పిల్లవాణ్ణి పొట్టనపెట్టుకున్నవాళ్లకు పాయలో వంతేమిటి, ఈ కాగితం మీద ఊరిపెద్ద వేలిముద్ర వేస్తే పెద్దపాయ మీ ఊరిదేనని రాయించుకొస్తాం, మా కాంట్రాక్టరు కాపలా పడవ కూడా పెడతాడు, మడపాలెం వల అందులో తడవదు అన్నాడు. ఆ మాట ఊళ్లో నిప్పులా పాకింది. ఎక్కువ రాజుకున్నది పోలేరయ్యకు. వాడు వెంకయ్య ఈడువాడే, ఆ రోజు అదే పడవలో ఉన్నవాడు, చెయ్యి చాచి అందుకోలేకపోయినవాడు. వాడి కోపంలో తప్పు పట్టడానికేం లేదు. పెద్దయ్య వేలిముద్ర వేయకపోతే వేసే పెద్దను పెట్టుకుందామని వాడే మొదట అన్నాడు.

ఆ మాట అనడం తేలిక. కొంగదిన్నెలో ఊరిపెద్దకు గుర్తు అతని తలకు కట్టే తలగుడ్డ. పెద్దను పెట్టేదీ దించేదీ మగవాళ్లు కాదు. తలగుడ్డ ఇంటి పెద్ద ఆడమనిషి. మేనత్త నుంచి మేనకోడలికి వస్తుంది ఆ హక్కు. ఇప్పుడది ఆదిశేషమ్మ చేతిలో ఉంది. చెంగయ్యకు ఆమె మేనత్త, డెబ్భై దాటిన మనిషి. పెద్ద దారి తప్పితే మూడుసార్లు పిలిచి చెప్పాలి. మూడో పిలుపు నోటి నుంచి వచ్చిందంటే వెనక్కి పోదు. ఆ పూట పొద్దు నడినెత్తికి వచ్చేలోపు పెద్ద ఊరికి జవాబు చెప్పాలి. చెప్పకపోతే తలగుడ్డ దిగిపోయినట్టే, ఊరు కోరిన ఇంకొకరికి ఆమె కట్టి తీరాలి.

అయిదోనాడు ఒకసారి పిలిచింది. ఏడోనాడు ఇంకోసారి. చెంగయ్య రెండుసార్లూ చేతులు కట్టుకుని విన్నాడు, తలవంచుకున్నాడు.

తొమ్మిదోనాడు పొద్దున్నే పోలేరయ్య పదిమందిని వెంటేసుకుని ఆదిశేషమ్మ గుడిసె ముందుకు వచ్చాడు. గుమాస్తా మధ్యాహ్నానికి వస్తున్నాడని, ఇదే కడసారి రావడమని కబురు చేశాడట. ఆమె వాళ్లు చెప్పిందంతా వింది. వింటూనే పోలేరయ్య మొహం వైపు చూసి, "నీకు తలగుడ్డ కట్టాలంటే ముందు తల కనబడాల గదరా అబ్బయ్యా, నాకు నోరే కనబడతా ఉండాది" అంది. పదిమందిలో నలుగురు నవ్వారు. నవ్వినా ఎవరూ కదల్లేదు. ఆమెకూ తెలుసు, ఊరంతా ఒక వైపు ఒరిగిపోయింది. పడవ ఒరిగినప్పుడు చుక్కాని పట్టినవాణ్ణి మార్చాలా, లేక వాడు చెప్పినట్టు వినాలా? ముందు రాత్రంతా నిద్రలేకుండా ఆమె తేల్చుకోలేకపోయింది అదే. చేతికర్ర తీసుకుని బయల్దేరింది.

దారిలో ఆమె మనసు పద్దెనిమిదేళ్ల వెనక్కి పోయింది. పాతపెద్ద పోయినప్పుడు తలగుడ్డ ఎవరికి కట్టాలా అని నెలరోజులు చూసింది. ఎవరినీ ఏమీ అడగలేదు, వలలు ఆరేసేచోట కూర్చుని చూసింది. ఒకనాడు ఒక ముసలిది తన వల చింపేశావని చెంగయ్యను అందరి ముందూ దుమ్మెత్తిపోసింది. చింపింది అతను కాదని ఊరందరికీ తెలుసు. చెంగయ్య ఎదురు చెప్పలేదు. ఆమె తిట్టినంతసేపూ పక్కనే కూర్చుని ఆ చిరుగు కుట్టాడు. కుట్టి, మడిచి చేతికిచ్చి, ఇంకెక్కడైనా చినిగిందా అవ్వా అని అడిగాడు. ఆ సాయంత్రమే ఆదిశేషమ్మ తేల్చుకుంది. ఊరిపెద్ద తోలు తాబేటి డిప్పలా ఉండాలని, లోపలంతా తాబేటి గుడ్డులా మెత్తగా ఉండాలని ఆమెకు ఆమె మేనత్త చెప్పిన మాట.

అతనికి తలగుడ్డ కట్టినందుకు ఆమె ఏనాడూ తల దించుకోలేదు. పంపకంలో అందరి బుట్టలూ నిండాక అడుగున మిగిలిందే చెంగయ్య ఇంటికి పోయేది. మగదిక్కు లేని ఇళ్ల బుట్టలు ముందు నిండాలి. సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారం దగ్గర నడుంలోతు నీళ్లలో నిలబడి గంగమ్మకు మొదటి చేపను వదిలినప్పుడు, అంతకుముందు తలగుడ్డ కట్టుకున్న ఇరవైఒక్కమంది పేర్లూ వరసగా పలుకుతాడు, తన పేరు పలకడు. నిరుడు కొత్తగా పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడు ఎవరో ఆఫీసరు పడవ కట్టించుకుని వచ్చి, నువ్వు నిలబడు చెంగయ్యా, నీకు ఎదురుండదు, గెలిచావంటే ఏళ్ల తరబడి నిన్నెవరూ కదపలేరు అన్నాడు. చెంగయ్య నవ్వి, అయితే నాకొద్దు సార్, ఇప్పుడు మా అత్త నన్ను రేపు పొద్దునే కదపగలదు, ఆ బెరుకుతోనే తిన్నగా ఉండాను అన్నాడు. ఆ ఆఫీసరు ఆదిశేషమ్మ వైపు ఒకటికి రెండుసార్లు చూసి పోయాడు.

అట్లాంటి మనిషిని ఈరోజు ఆమే కదపడానికి పోతోంది.

చెంగయ్య గుడిసె ముందు చాప మీద, సరస్సు వైపు తిరిగి కూర్చున్నాడు. తొమ్మిది రోజుల గడ్డం తెల్లగా మెరుస్తోంది. సామ్రాజ్యం గుమ్మంలో గుంజకు ఆనుకుని ఉంది. ఊరంతా వచ్చి వెనక నిలబడింది. ఆదిశేషమ్మ ఎదురుగా కూర్చోలేదు, నిలబడే మాట్లాడింది. ఆ మాట నిలబడే చెప్పాలి.

"చెంగయ్యా, ఇది మూడో పిలుపు. ఊరు నోరు తెరిచి అడగతా ఉండాది, నువ్వు తెరవకుండా ఉండావు. ఎదురొడ్డోళ్లు రాలేదు. రారు. రానోళ్ల కోసం ఊరిని ఎన్నాళ్లు కూర్చోబెడతావు? పొద్దు నడినెత్తికి వచ్చేలోపల జవాబు చెప్పు. లేదంటే కట్టిన చేత్తోనే నేను విప్పాల్సొస్తాది."

చెంగయ్య తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. ఆ చూపులో కోపం వెదికింది ఆమె. ఉంటే బాగుండుననుకుంది. లేదు.

"ఊరి మాట నేను మాట్లాడకూడదత్తా, ఇంటి మాట ఒకటి చెప్తా" అన్నాడు మెల్లగా. "నువ్వంత దూరం పడవెక్కి పోయి, వాళ్ల ఒడ్డున నా బిడ్డ పేరు చెప్పొచ్చినావు. ఈ వయసులో ఆ పేరు ఎట్టా పలికినావో, అది నీకు తెలుసు, గంగమ్మకు తెలుసు. నువ్వు చెప్పినాక గూడా వాళ్లు రాలేదంటే, మనకు తెలీని కష్టమేందో వాళ్లింట్లో ఉండుంటాది. దానికి నువ్వు మనసు కష్టపెట్టుకోబాకత్తా."

అంతే అన్నాడు.

ఆమె మడపాలెం పోలేదు.

కట్టులో ఆ ముక్క ఆమెది. చెంగయ్యది కాదు. చావు కబురు ఎదురొడ్డుకు మోయాల్సింది తలగుడ్డ ఇంటి పెద్ద ఆడమనిషి. పడవలోనే నిలబడి, ఒడ్డు తొక్కకుండా, పోయినవాడి పేరు మూడుసార్లు పలకాలి. ఎదురొడ్డువాళ్లు చావును కళ్లారా చూసినా సరే, ఆ నోటితో వినేదాకా రాకూడదు. పిలవని చావుకు వస్తే, చచ్చినవాణ్ణి చూసి సంతోషించడానికి వచ్చినట్టు. అదీ కట్టు.

మొదటిరోజు ఆమె అనుకుంది, వాళ్ల చేతులతోనే కదా పిల్లవాణ్ణి నీళ్లలోంచి తీశారు, వాళ్లకు తెలియందేముంది, ప్రత్యేకంగా చెప్పేదేముంది అని. రెండోరోజూ అదే అనుకుంది. మూడోరోజు నుంచి ఆ ఆలోచన రాకుండా చూసుకుంది. చెంగయ్య అడగలేదు. అడిగితే అత్తను శంకించినట్టవుతుందని అడగలేదు. ఆమె పోయే ఉంటుందని, తొమ్మిది రోజులుగా, ఆమె మాట మీద నమ్మకంతో కూర్చున్నాడు. ఇప్పుడు ఆమె వచ్చి, నువ్వు చేయాల్సింది చేయలేదని మూడో పిలుపు పిలిచింది.

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం దాకా ఊరుకుంటే చాలు, తలగుడ్డ దిగిపోతుంది, గుమాస్తా వస్తాడు, కథ వేరే దారి పడుతుంది. ఆ ఆలోచన ఆమెకు రాలేదని చెబితే అబద్ధమవుతుంది. వచ్చింది. వచ్చి, చెంగయ్య మొహం మీద ఆగి, పోయింది.

ఆదిశేషమ్మ ఊరివైపు తిరిగింది.

"నేను పోలా" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. మళ్లీ చెప్పింది. "మడపాలేనికి కబురు మొయ్యలా నేను. మరిచిపోయినానని చెప్పొచ్చు, డెబ్భై ఏళ్లదాన్ని, మీరు నమ్ముతారు. మరిచిపోలా. వాళ్ల ఒడ్డున నిలబడి నా మనవడి పేరు చెప్పబుద్ధి గాలా నాకు. తొమ్మిది రోజుల నుంచి ఈయన వాళ్ల కోసరం చూస్తా ఉండాడు. వాళ్లు నా కోసరం చూస్తా ఉంటారు. తప్పు నా కాడ ఉండాది. దించాల్సింది ఆయన్ని గాదు."

చెంగయ్య చాప మీద నుంచి లేచి, అత్త చేయి పట్టుకుని ఆమెను ఆ చాప మీదే కూర్చోబెట్టాడు. ఊరిపెద్దగా మాట అనేందుకు నోరు లేదు, కొడుకు పోయిన తండ్రిగా అనేందుకు మనసు రాలేదు.

మాట్లాడింది సామ్రాజ్యం. తొమ్మిది రోజులుగా ఆమె ఒకటే చెబుతోంది, వాళ్లొచ్చినా ఆ చేతులు నా మొహం మీద పడనివ్వనని. ఇప్పుడు గుంజ వదిలి ముందుకు వచ్చింది.

"అంటే నా బిడ్డ చచ్చిపోయినాడని ఆ ఒడ్డున ఇంకా ఎవురూ చెప్పలేదా?"

ఆదిశేషమ్మ లేదని తలూపింది.

"వాడు మన లెక్కలో చచ్చిపోయి, వాళ్ల లెక్కలో ఇంకా పాయలోనే ఉండాడా?"

ఆ మాటకు ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సామ్రాజ్యం కొంగు నడుముకు దోపి, ఇంటి పక్కనున్న గెడకర్ర భుజానికెత్తుకుంది. లే అత్తా, నేను తోస్తాను అంది. మగవాళ్లు నలుగురు ముందుకొస్తే వద్దంది. ఆ కబురు పడవలో మగవాడు ఎక్కకూడదు.

మూడో పిలుపు పిలవనే పిలిచారు, అది వెనక్కి పోదు. అప్పటికి పొద్దు రెండు బారలెక్కింది. నడినెత్తికి వచ్చేలోపు మడపాలెం వాళ్లు వచ్చి కళ్లు తుడవాలి, చెంగయ్య నోరు తెరవాలి. లేకపోతే ఏ తప్పూ చేయనివాడి తలగుడ్డ దిగిపోతుంది. దిగితే దాని కోసం పోలేరయ్య ఉన్నాడు, వాడి వేలి కోసం కాగితం ఉంది.

అత్తా కోడళ్లు ఇద్దరూ చిన్నపడవలో పెద్దపాయ దాటారు. పాయ నడుమ, వలకర్రలు కనబడేచోట, సామ్రాజ్యం గెడ వేయడం ఆపింది. కాసేపటికి మళ్లీ గెడ పడింది.

మడపాలెం ఒడ్డున పిల్లలు ముందు చూశారు, తర్వాత ఊరంతా వచ్చింది. పడవను ఒడ్డుకు బారెడు దూరంలో ఆపి ఆదిశేషమ్మ లేచి నిలబడింది. కొంగదిన్నె పెద్ద చెంగయ్య కొడుకు వెంకయ్య పోయినాడని ఒకసారి చెప్పింది. రెండోసారి చెప్పింది. మూడోసారి నోరు తెరిచింది గాని పేరు రాలేదు. రెండుసార్లు చెప్పిన కబురు కబురు కాదు.

సామ్రాజ్యం గెడను బురదలో దింపి, దాన్ని పట్టుకుని నిలబడి, "నా కొడుకు వెంకయ్య పోయినాడు" అంది. తొమ్మిది రోజుల్లో ఆ మాట ఆమె పలకడం అదే మొదలు.

అప్పుడు మడపాలెం ఆడవాళ్లు గొల్లుమన్నారు. తొమ్మిది రోజులుగా ఆపుకున్న ఏడుపు అది. చిన్నపోలయ్య గుంపులోంచి వచ్చి మోకాటిలోతు నీళ్లలో నిలబడ్డాడు. అరవై ఏళ్ల మనిషి, బక్కపలచగా, పెద్ద జబ్బు చేసి లేచినట్టున్నాడు.

"రోజూ పొద్దున నీళ్లు తోడి పెట్టినామక్కా" అన్నాడు ఆదిశేషమ్మతో. "సాయంత్రం దాకా చూసి పారబోసినాం. నేను పడవలో కాలు పెట్టడం, వెనక్కి తీసుకోవడం. పిలవని చావుకు ఏ మొహంతో వచ్చేది? మా మీద పగబట్టినారు, ఇంక పిలవరనుకున్నాం."

వెనకనే కుండ ఉంది. ఆ రోజు నీళ్లు కూడా తోడే ఉన్నాయి, పైన మడిచిన కొత్తగుడ్డ ఉంది. ఆదిశేషమ్మ ఇక ఆలస్యం చేయలేదు. మూడో పిలుపు సంగతి, నడినెత్తి పొద్దు సంగతి నాలుగు మాటల్లో చెప్పింది. కళ్లు తుడవడానికి ఏడుగురు రావాలి కాబట్టి మడపాలెం వాళ్లు పెద్దపడవ నీళ్లలోకి దించారు. చిన్నపోలయ్య కుండ అందుకోవడానికి చెయ్యి చాచాడు. ఆ చేతిని సామ్రాజ్యం చూసింది. బొటనవేలు నల్లగా ఉంది.

"ఆ మరకేంది మామా?"

చిన్నపోలయ్య చెయ్యి వెనక్కి తీసుకోలేదు. దాచుకునే మనిషి కాదు. నిన్న గుమాస్తా వచ్చాడని చెప్పాడు. కొంగదిన్నె పెద్ద వేలిముద్ర వేసేశాడని, మడపాలెం కూడా వేయకపోతే పాయలో వాళ్ల వల ఇక తడవదని, వేస్తే సగమన్నా మిగులుతుందని అన్నాడట. ఊరివాళ్లు భయపడ్డారు. తను వేశాడు.

"మా ఆయన వేసినాడని చెప్పినాడా?" అంది సామ్రాజ్యం.

"ఆయన పేరు చెప్పబట్టే వేసినా. చెంగయ్య వేసినాడంటే దాంట్లో మోసం ఉండదనుకున్నా."

పగబట్టిన ఊళ్లో కూడా ఆ పేరుకు ఉన్న విలువ అది. ఆ విలువనే గుమాస్తా ఎరగా గుచ్చాడు. ఆదిశేషమ్మకు సంగతి అంతా ఒక్కసారిగా విప్పి చూపినట్టయింది. రెండు ఊళ్లకూ ఒకే కాగితం. పెద్దపాయ అంతా మీదేనని అక్కడ, సగమన్నా మిగులుతుందని ఇక్కడ. రెండు వేళ్లూ పడ్డాక పాయ ఎవరిది? రెండు ఊళ్లూ రాసిచ్చేసిన పాయ రాయించుకున్న కాంట్రాక్టరుది. ఒక వేలు పడింది. ఇక మిగిలింది కొంగదిన్నె పెద్ద వేలు. ఆ పెద్ద ఈ మధ్యాహ్నం ఎవరవుతారన్నదే మిగిలింది.

పెద్దపడవ కదిలింది. ఏడుగురు మడపాలెం వాళ్లు, ఇద్దరు కొంగదిన్నె ఆడవాళ్లు, నడుమ నీళ్లకుండ. అందరూ గెడలు వేశారు. పాయ దాటేదాకా బాగానే పోయింది. పాయ దాటాక నీళ్లు తీయడం మొదలైంది. సముద్రం తనవైపు లాక్కునే వేళ అది, అందరికీ తెలిసిందే, ఆ తొందరలో ఎవరికీ తట్టలేదు. చిన్నపడవైతే జారిపోయేది. తొమ్మిదిమంది బరువున్న పెద్దపడవ బురద తిన్నె మీద కూర్చుంది. దిగి తోశారు, కదల్లేదు. మళ్లీ తోశారు.

ఎదురుగా కొంగదిన్నె కనబడుతోంది. గుడిసెలు, ఆరేసిన వలలు, ఒడ్డున గుంపు. గుంపుకు ఎడంగా చాప మీద ఒక మనిషి, ఇటువైపే తిరిగి కూర్చున్నాడు. రేవులో కొత్తగా తెల్లతెరచాప పడవ ఒకటి ఆగి ఉంది, దానిలోంచి తెల్లచొక్కా దిగుతోంది. ఇంకా అరమైలు. ఆదిశేషమ్మ తలెత్తి పొద్దును చూడలేదు. నీళ్లలో తన నీడ చూసింది. నీడ పొట్టిదైపోయి కాళ్ల దగ్గరికి వచ్చేసింది.

పడవను వదిలి నడుద్దామంటే తిన్నె దాటాక నడుంలోతు నీళ్లు, మోకాటిలోతు బురద. కుండ జారితే చెలమ నీళ్లు ఉప్పునీళ్లలో కలిసిపోతాయి, మళ్లీ తేవడానికి పూట లేదు. చిన్నపోలయ్య కుండ ఎత్తుకోబోయాడు. తొమ్మిది రోజులుగా సరిగా తినని మనిషి, కాళ్లు నిలబడక పడవ అంచు పట్టుకున్నాడు. మిగతా మగవాళ్లకు తలమీద కుండ మోసే అలవాటు లేదు.

సామ్రాజ్యం పడవ దిగింది. కొంగు చుట్ట చేసి తలమీద పెట్టుకుంది. "ఎత్తు మామా" అంది. ఆ నల్లమరక చేత్తోనే చిన్నపోలయ్య కుండ ఎత్తి ఆమె తలమీద పెట్టాడు. ఆ చేతులు నా మొహం మీద పడనివ్వనన్న ఆడమనిషి, ఆ నీళ్లను నెత్తిన పెట్టుకుని, చుక్క తొణకకుండా, పగటి ఎండలో, బురదలోకి మొదటి అడుగు వేసింది. వెనక ముసలిది, ఆమె వెనక పగవాళ్లు ఏడుగురు.

మిగతాది వచ్చేవారం, అప్పటిదాకా ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. ఇంట్లో చిన్నవాళ్లుంటే ఇవాళే చెప్పండి. చెప్పేటప్పుడు పేర్లు మింగేయకండి. చాప మీద కూర్చున్నది చెంగయ్య, తప్పు ఒప్పుకున్నది ఆదిశేషమ్మ, కుండ మోసింది సామ్రాజ్యం. వాళ్లు నడిచి వచ్చేలోపు నడినెత్తి పొద్దు ఆగిందా అని పిల్లలు అడుగుతారు. పొద్దు ఎవరి కోసమూ ఆగదని, వాళ్లూ ఆగలేదని చెప్పండి.